కామెర్ల పేజీ

స్కూలుకు వెబ్‌సైట్ ఉండి తీరాలని కరస్పాండెంట్ మురళీకృష్ణ ఆ ఏడు బడులు తెరిచిన వారంలోనే తీర్మానించాడు. పక్క మండలంలో కొత్తగా వెలసిన స్కూలొకటి ఫోన్లోనే బిల్డింగంతా తిప్పి చూపిస్తోందట. అది విన్నప్పటి నుంచి ఆయనకు కుదురు లేదు.

"సైట్ చేసే కుర్రాడు హైదరాబాద్‌లో ఉన్నాడండీ. వాడికి మేటర్ కావాలంట. మన విజన్, మన మిషన్, నా ఫొటో, పదో తరగతి ర్యాంకులు. ఇంకేవుంటాయి స్కూలుకి? మీరు రాసెయ్యండి మేడం," అన్నాడు అరుణశ్రీతో. ఆయనది మధిర వైపు. కోపంలోనూ "అండి" వదలడు.

అరుణశ్రీ ఆ స్కూల్లో సైన్స్ టీచరు. ప్రశ్నపత్రాలు టైపు చేసేదీ తనే కాబట్టి రాతకోతలన్నీ తన నెత్తినే పడేవి. ఇల్లందులో పుట్టింది. నాన్న బాయిలో బొగ్గు తీసి దగ్గుతో బయటపడ్డ మనిషి. ఆ దగ్గు వింటూనే బీయెస్సీ చదివింది. ల్యాబ్‌లో ఉద్యోగం చేయాలనుకుంది గానీ ఎక్కడా దొరకలేదు. బడి దొరికింది. భర్త ప్రేమ్‌సాగర్ ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టరు కింద టిప్పర్ నడుపుతాడు. పొద్దున్నే బండి మీద వెళ్ళి ఒళ్ళంతా నల్లదుమ్ముతో తిరిగొస్తాడు. ఇల్లందు దాటి టేకు అడవి మొదలయ్యే చోట, బడికి దగ్గరగా, రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నారు.

కొడుక్కి మూడేళ్ళు. పుట్టగానే వాడికి కామెర్లు వచ్చాయి. నీలం లైటు కింద, కళ్ళకు గుడ్డ కట్టి పడుకోబెట్టిన ఆ పసిగుడ్డును అద్దంలోంచి చూస్తూ ఆమె గడిపిన రోజులు ఇంకా వదల్లేదు. అప్పుడే అత్త సోమమ్మ, "ముక్కుల ఒక్క చుక్క పసరు పోపిద్దాం బిడ్డా, గీ లైట్లతోని ఏమైతది?" అంటే, ఆమె జీవితంలో మొదటిసారి అత్త మీద అరిచింది. అప్పటి నుంచి రోజూ కొడుకును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కింది రెప్ప లాగి చూస్తుంది. వాడు అలవాటుపడి తనే రెప్ప లాగి చూపిస్తాడు. ఒంటిమీద చెయ్యి వేస్తే వెచ్చగా అనిపించడం, థర్మామీటరు పెడితే ఏమీ లేకపోవడం, అయినా మళ్ళీ పెట్టడం ఆమెకు రోజూ ఉండే పనే. "నువ్వు పిల్లగాన్ని సాదుతున్నవా, ప్రాక్టికల్ చేస్తున్నవా?" అని ప్రేమ్‌సాగర్ ఎగతాళి చేసేవాడు.

వెబ్‌సైట్ పని మీద పడ్డాక ఆమె ఒకటే ఆలోచించింది. తల్లి గాని తండ్రి గాని బడి పేరు కొట్టి ఫోన్లో వెతికితే ఏం తెలుసుకోవాలని వెతుకుతారు? కరస్పాండెంట్ ఫొటో కోసమైతే కాదు. సాయంత్రం పిల్లల్ని తీసుకుపోవడానికి గేటు దగ్గర నిలబడే వాళ్ళనే అడిగింది.

"వాగొస్తే బస్సు వస్తదా రాదా, గది పెట్టుండ్రి," అన్నాడొకాయన.

"ఫీజు అడగని పేజీ ఒకటి పెట్టు మేడం, దినాం తీసి సూస్తం," అని ఇంకొకాయన అనేసరికి అంతా నవ్వారు.

అందరూ వెళ్ళాక హాతీరాం మిగిలాడు. తండా నుంచి బండి మీద కూతుర్ని దింపి, అట్నుంచటే మేస్త్రీ పనికి పోయే మనిషి. కూతురు హర్షిత ఏడో తరగతి. సన్నగా, గాలికి ఊగేలా ఉండేది. చదువులో చురుకే గానీ నెలకోసారైనా కాళ్ళు నొప్పులని మూలకు కూర్చునేది. "హర్షితమ్మ మోకాళ్ళల్ల ముసలవ్వ కూసున్నది," అని పీటీ సార్ జయప్రకాశ్ గ్రౌండ్‌లో అంటే పిల్లలంతా గొల్లుమనేవారు. హర్షితా నవ్వేది.

"మేడం, మా పిల్లకు మాటిమాటికీ కామెర్లైతున్నయి," అన్నాడు హాతీరాం. "సంవత్సరానికి రెండు మాట్ల కండ్లు పచ్చగైతయి. ఒకలు వాత పెట్టమంటరు, ఒకలు పసరంటరు. ఏం జెయ్యాలె, ఏం పెట్టాలె, గది రాయుండ్రి. మీరు రాస్తె నమ్ముత."

"పసరు మాత్రం పోయించకు హాతీరాం. వాత అసలే వద్దు," అంది వెంటనే.

"అవ్ మేడం. మీరొద్దంటె ఒద్దు."

కామెర్లన్న మాటలో ఆమెకు అనుమానం ఏమీ కలగలేదు. ఆ పిల్ల కళ్ళు పచ్చబడటం ఆమె కూడా చూసింది. "మళ్ళీ కామెర్లొచ్చినట్టున్నాయి, ఇంట్లో చెప్పు," అని క్లాసులో అన్నది కూడా ఆమే.

ఆ వారమంతా, రాత్రి కొడుకు పడుకున్నాక, ఆమె ఆరోగ్యం పేజీ మీదే కూర్చుంది. వాగు పొంగిన రోజు బస్సు ఎక్కడిదాకా వస్తుందో, పిల్లకు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో, పాము కరిస్తే ఏం చేయకూడదో అన్నీ రాసింది. కామెర్ల దగ్గర అన్నిటికంటే ఎక్కువ రాసింది. నీళ్ళు బాగా తాగించాలి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, గ్లూకోజు ఇవ్వాలి, నూనె తగ్గించాలి, విశ్రాంతి కావాలి, నాటు పసరు ప్రమాదం.

సైట్ చేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, ఇంత రాస్తే ఎవరు చదువుతరు? ఒక్కో రోగానికి రెండు లైన్లే. ఫొటోకు జాగ కావాలె."

కొట్టేస్తూ కొట్టేస్తూ పోయింది. నీళ్ళు, మజ్జిగ, నూనె, విశ్రాంతి అన్నిటినీ కలిపి చెప్పే మాట ఒకటి కావాలి. "డైట్" అని రాస్తే తండాల్లో అర్థం కాదు. పథ్యం అన్న మాట తట్టింది. చక్కటి తెలుగు మాట, అందరికీ తెలిసిన మాట. అందులో అన్నీ వస్తాయనుకుంది. "కళ్ళు పచ్చబడితే కామెర్లుగా గుర్తించండి. పథ్యం తప్పనిసరిగా పాటించండి. నాటు పసరు వద్దు. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

మురళీకృష్ణ చదివి కళ్ళజోడు తీశాడు. "పసరు వద్దని రాశారేంటండీ? పసరు పోసే పగిడయ్య మనవలిద్దరూ మన దగ్గరేగా చదివేది? రేపాయన గేటు దగ్గర నిలబడి అడిగితే మీరు సమాధానం చెప్తారా?"

"ప్రమాదం సార్ అది. పసిపిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతది."

"నేను కాదన్నానా? నోటితో చెప్పుకోండి. రాతలో ఎందుకూ? ఆ ముక్క తీసెయ్యండి, మిగతాది బంగారంలా ఉంది."

తీసేసింది. మిగతాదైనా ఉండనిచ్చాడు, అదే చాలనుకుంది. ఇంటికొచ్చి ఆ పేజీ అత్తకు చదివి వినిపించింది. సోమమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి మరీ విన్నది.

"గిప్పటికి నా మాట విన్నవ్ బిడ్డా," అంది సంతోషంగా. "పథ్యం లేందె కామెర్లు పోతయా?"

అరుణశ్రీ నవ్వింది. అత్తాకోడళ్ళు ఒక మాట మీద ఏకమవడమే అరుదు. ఆ మాటకు అత్త చెప్పుకునే అర్థమేమిటో అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు.

సైటు వచ్చింది. లింకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్ళింది. మురళీకృష్ణ ఫొటో మీద ఎవరూ ఏమీ అనలేదు గానీ, వాగు పేజీ, ఆరోగ్యం పేజీ బాగున్నాయని చాలామంది రాశారు. ఆమె ఆ మెచ్చుకోళ్ళు భర్తకు చూపించింది. బడిలో చేరాక తను చదివిన చదువు ఎవరికైనా పనికొచ్చిందని అనిపించడం అదే మొదలు.

చలికాలం వచ్చింది. అడవి అంచున చలి ముందే దిగుతుంది. హర్షిత రెండు రోజులుగా బడికి రాలేదని హాజరు పిలుస్తుంటే తెలిసింది. ఆ సాయంత్రం కొడుక్కి అన్నం తినిపిస్తుంటే ఫోన్ మోగింది. హాతీరాం మెసేజ్. "మేడం పిల్లకు కామెర్లు. మీరు రాసినట్టే పథ్యం పెట్టినం." అప్పుడే కొడుకు ముద్ద ఉమ్మేస్తున్నాడు. ఎంగిలి కాని వేలితో బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కి పంపింది.

ఆదివారం హాతీరాం ఫోన్ చేశాడు. వెనకాల ఎవరో సన్నగా, ఆగకుండా మూలుగుతున్నారు.

"మేడం, పిల్ల కాళ్ళు నొప్పులని ఒకటే ఒర్రుతున్నది. ఛాతిల గుడ నొప్పంటున్నది. కామెర్లల్ల గిట్లయితదా?"

అవదు. ఆమెకు తెలుసు, అవదు. కొడుకును అత్త ఒళ్ళో వేసి, నూనె బట్టలతోనే ఉన్న ప్రేమ్‌సాగర్‌ను లేపి బండెక్కింది.

తండాలో హాతీరాం ఇల్లు చివరిది. మంచం మీద హర్షిత మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుంది. పెదాలు పగిలి, పగుళ్ళలో రక్తం ఎండి ఉంది. నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకోబోయింది, నాలుకా ఎండే ఉంది. రెప్ప లాగి చూసింది అరుణశ్రీ. పసుపు. రెప్ప లోపల మాత్రం తెల్లగా, సున్నం కొట్టినట్టుంది. ఒంట్లో రక్తమే లేనట్టుంది.

"పసరు పోయించారా?"

"లే మేడం," అన్నాడు హాతీరాం. "మా అమ్మ పోపియ్యమన్నది, నేనే పోపియ్యలె. మేడం చెప్పినట్టె, పథ్యం ఒక్కటే."

"ఏం పెడుతున్నారు?"

తల్లి మంగ్లి చెప్పింది. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు. చప్పిడి బువ్వ, అదీ పొద్దున ఒక్కసారే.

"నీళ్ళు?"

"గొంతు తడుపుతున్న మేడం. ఉడుకునీళ్ళు, గుక్కెడు."

"గుక్కెడా? ఎందుకు?"

మంగ్లి ఆమె వైపు వింతగా చూసింది. చదువుకున్న మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు. "పథ్యంల పచ్చినీళ్ళు ఎట్ల ఇస్తం మేడం? మీరే రాసిండ్రు గద, తప్పద్దని. అడుగుతనే ఉన్నది, ఏడుస్తనే ఉన్నది. నేను ఇయ్యలె. లేసి పోయి తాగుతదని కుండ మూత మీద రాయి గుడ పెట్టిన."

కుండ మూలన ఉంది. మూత మీద కారం నూరే బండ ఉంది.

అరుణశ్రీ ఆ బండ వైపే చూస్తూ నిలబడింది. ప్రేమ్‌సాగరే వెళ్ళి బండ దించి, చెంబు ముంచి తెచ్చాడు. హర్షిత చెంబు చూసి నోరు తెరవలేదు. కళ్ళు తిప్పి తల్లి వైపు చూసింది.

"తాగు బిడ్డా," అంది అరుణశ్రీ. "తాగు. నేనే చెప్తున్న."

రెండు గుటకలు మింగి కక్కింది.

ఆటోలో ఇల్లందు దవాఖానాకు తెచ్చారు. అక్కడ సెలైన్ పెట్టి, ఆలస్యం చేయకుండా అంబులెన్స్‌లో ఖమ్మం పంపారు. దారి పొడుగునా పిల్ల తల అరుణశ్రీ ఒళ్ళో ఉంది. ఖమ్మం చేరే ముందు మూలుగు ఆగింది. నొప్పి తగ్గిందేమోనని మంగ్లి పిల్ల ముఖంలోకి ఆశగా వంగింది. నోరు ఒక పక్కకు లాగి ఉంది. కుడి చెయ్యి స్ట్రెచర్ మీంచి జారి వేలాడుతుంటే, పిల్ల దాన్ని పైకి తీసుకోలేదు.

రక్తం పరీక్ష వచ్చాక డాక్టరమ్మ బయటికి పిలిచింది. చిన్న వయసు, ముఖం నిండా అలసట.

"సికిల్ సెల్. లివర్‌కు ఏమీ కాలేదు, మీరనుకునే కామెర్లు కావివి. రక్తకణాలు పగిలిపోయి కళ్ళు పచ్చబడతాయి. నీళ్ళు తక్కువైతే ఆ కణాలు గట్టిపడి ఎక్కడంటే అక్కడ అడ్డం పడతాయి. కాళ్ళల్లో పడితే నొప్పి. ఈ పిల్లకు మెదడులో కూడా పడ్డాయి. ఇన్ని రోజులు నీళ్ళు ఎందుకు తాగించలేదు?"

హాతీరాం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పథ్యం మేడం," అన్నాడు.

"ఎవడు చెప్పాడు పథ్యం?"

హాతీరాం నేల చూశాడు. అరుణశ్రీ పేరు అతని నోట్లోంచి రాలేదు. "నేను చెప్పాను," అంది ఆమె. డాక్టరమ్మ ఆమె చీర, చేతిలో ఫోను, మెడలో వేలాడుతున్న స్కూలు ఐడీ కార్డు చూసింది.

కొడవలి కణం. బీయెస్సీ పరీక్షలో ఆ బొమ్మ వేసింది అరుణశ్రీ. పక్కన గుండ్రటి మామూలు కణం, బాణం గుర్తులు, తల్లికి సున్నా, తండ్రికి చతురస్రం గీసి పిల్లలకు ఎలా దిగుతుందో చూపించే పట్టిక. మంచి మార్కులు వచ్చాయి. ఆ బొమ్మ తన క్లాసులో మూడో బెంచీ మీద కూర్చుని, కాళ్ళు నొప్పులంటే అందరూ నవ్వుతుంటే తనూ నవ్వుతోందని ఆమెకు తట్టనేలేదు.

హర్షిత బతికింది. రక్తం ఎక్కించారు, ఛాతీలో నెమ్ము తగ్గింది. కుడి చెయ్యి, కుడి కాలు మాత్రం కదల్లేదు. మాట ముద్దగా వచ్చేది, అమ్మ అన్న మాట తప్ప మిగతావి ఎవరికీ తెలిసేవి కావు. వ్యాయామం చేయిస్తే కొంత తిరిగి రావచ్చన్నారు. ఎంత వస్తుందో ఎవరూ చెప్పలేదు.

మురళీకృష్ణ ఫోన్ చేశాడు. ముందు పిల్ల ఎలా ఉందని అడిగాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ ఆరోగ్యం పేజీ తీయించేశానండీ. మొత్తం తీసేశాడు కుర్రాడు, ఆనవాలు కూడా లేదు. ఇక మనకేం సంబంధం లేదు. మీరు కూడా ఎక్కడా ఏమీ అనకండి."

"తీసెయ్యడం కాదు సార్. సరిచేసి పెట్టాలి. నీళ్ళు ఇవ్వాలని రాయాలి. మనం రాసింది తప్పని రాయాలి."

"తప్పని రాస్తారా? స్కూలు పేరు మీదా?" "మీ బాబుని వచ్చే ఏడు నర్సరీలో వేయాలనుకుంటున్నారుగా. ఆలోచించుకోండి," అని పెట్టేశాడు.

ఆమె దవాఖానా వరండాలో బెంచీ మీద కూర్చుని ఉండగా హాతీరాం వచ్చి పక్కన కాక కింద నేలమీద కూర్చున్నాడు. కొన్ని రోజుల్లోనే మనిషి సగమయ్యాడు. ఆమె మీద అరుస్తాడేమోనని ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననిపించింది.

"పేజీ తీసేసిండ్రట గద మేడం."

"తీసేశారు."

"తీస్తె ఏమైతది?" ఫోన్ బయటికి తీశాడు. "నేను ఫొటో తీసి పంపిన. బడోల్లు రాసిండ్రు, మంచి ముచ్చట అని. మా తండా గ్రూపుల పెట్టిన. మా బామ్మర్దికి పంపిన, అత్తగారి తండాల పెట్టిండు. ములకలపల్లి దిక్కు మా సుట్టాలున్నరు, ఆళ్ళకు గుడ."

స్క్రీను చూపించాడు. స్కూలు పేరు, గుర్తు, కింద ఆమె రాసిన వాక్యం. ఎవరో దాని చుట్టూ ఎర్రగా గీత గీసి, నమస్కారం చేస్తున్న చేతులు పెట్టారు. ఆ కింద ఇంకెవరో దాన్నే మళ్ళీ పంపారు.

రక్తంలో దిగే జబ్బు. హర్షితకు ఉందంటే మంగ్లి వైపూ ఉన్నట్టే, హాతీరాం వైపూ ఉన్నట్టే. ఆ ఫొటో కూడా సరిగ్గా ఆ రెండు వైపులకే వెళ్ళింది.

"ఫోన్ చెయ్యి," అంది. "ఒక్కొక్కరికీ చెయ్యి. నువ్వు చెప్పు, నేను కూడా చెప్తాను."

హాతీరాం చేశాడు. లంబాడీలో మాట్లాడాడు. ఆమెకు ఆ భాష రాదు. తను రాసిన పథ్యం అన్న మాట ఒక్కటే మధ్యమధ్య తెలిసేది. కొందరు విన్నారు. కొందరు ఎదురు అడిగారు, అతను గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. ఒకరు నవ్వినట్టు కూడా వినబడింది. "బడోల్లు రాసింది బడోల్లే కాదంటరా అంటున్నడు," అన్నాడు ఫోన్ చేత్తో మూసి.

తర్వాత బామ్మర్దికి ఫోన్ కలిసింది. హాతీరాం రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. అవతలి గొంతు చాలాసేపు మాట్లాడింది. అతను లేచి నిలబడ్డాడు.

"ఏమైంది?"

"ఆల్ల చిన్నోనికి కండ్లు పచ్చబడ్డయట. నిన్నటి సంది పథ్యం."

"నీళ్ళు," అంది అరుణశ్రీ. తనూ లేచింది. "ముందు నీళ్ళు ఇవ్వమను. ఎన్ని తాగితే అన్ని ఇవ్వమను. ఇచ్చి దవాఖానాకు తీసుకుపొమ్మను."

"పాణి," అన్నాడు హాతీరాం ఫోన్లోకి. అవతల ఏదో వాదిస్తున్నారు. వరండాలో జనం తిరిగి చూస్తున్నారు. అతను చెవికి ఫోన్ గట్టిగా అదుముకుని, గోడకు తిరిగి, ఇంకా పెద్దగా అరుస్తున్నాడు. "పాణి! పాణి!"